బావకి, ఆ చెయ్యి సంగతి

ఏరా బావా,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు ముందు కడుపారా తిట్టేసి, ఆ తర్వాత చదువు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. పిన్ని వాళ్లమ్మాయి పెళ్లి మాఘానికి జరిగింది. పై వాటాలోకి కొత్తవాళ్లు దిగారు, మంచివాళ్లలాగే ఉన్నారు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. కబుర్లు అంతే.

అసలు సంగతికొస్తా, ఆగలేకపోతున్నాను. లావోకూన్ అనే ప్రాచీన పాలరాతి విగ్రహం ఫొటోలు రెండు పంపి, "పాత పుస్తకంలో చెయ్యి ఆకాశంలోకి చాచాడు, కొత్త పుస్తకంలో మడిచి తల వెనక్కి పెట్టుకున్నాడు, ఏది దొంగ ఫొటో?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు చూడు, నీకు దండం పెట్టాలి. రెండూ నిజమైన ఫొటోలేరా! విగ్రహం ఒక్కటే. మధ్యలో చెయ్యి మారింది.

కథ నీకు తెలిసిందే, అయినా ఒకసారి గుర్తు చేసుకో. ట్రాయ్ కోట బయట గ్రీకులు కొయ్యగుర్రం వదిలి వెళ్లారు. లోపలికి లాగొద్దని పూజారి లావోకూన్ మొత్తుకుని, గుర్రం డొక్కలోకి ఈటె విసిరాడు. సముద్రంలోంచి రెండు పాములొచ్చి అతన్నీ ఇద్దరు కొడుకుల్నీ చుట్టేశాయి. రోమన్ కవి వర్జిల్ రాసిన 'ఈనియడ్' కావ్యం రెండో సర్గలో ఇది ముప్పై పాదాలైనా ఉండదు. పాములు ముందు పిల్లల్ని మింగుతాయి, తర్వాత ఆయుధం పట్టుకొచ్చిన తండ్రిని పడతాయి. విగ్రహంలో మాత్రం ముగ్గురూ ఒకేసారి. చిన్నవాడు అప్పటికే వాలిపోతున్నాడు, తండ్రికి ఎడమ తుంటి దగ్గర కాటు పడుతోంది. పెద్దవాడు కాలి మడమ దగ్గర చుట్ట విప్పుకుంటూ తండ్రి మొహంలోకి చూస్తున్నాడు. వాడు బతుకుతాడేమో అనిపిస్తుంది. వర్జిల్ కంటే చాలా ముందు నాటి ఒక గ్రీకు కావ్యంలో తండ్రి, ఒక్క కొడుకే చనిపోతారు. శిల్పులు ఏ కథ మనసులో పెట్టుకున్నారో… సరే, దారి తప్పుతున్నాను.

1506 జనవరి 14. రోమ్‌లో ఎస్క్విలైన్ గుట్ట మీద ఫెలిచె దె ఫ్రెదీస్ అనే ఆయన ద్రాక్షతోటలో తవ్వుతుంటే ఇది బయటపడింది. పోప్ రెండో జూలియస్ వెంటనే జులియానో ద సంగాల్లో అనే వాస్తుశిల్పికి కబురు పెట్టాడు. శిల్పి మైకెలాంజెలో ఆ వేళ జులియానో ఇంట్లోనే ఉన్నాడు, ఇద్దరూ కలిసి వెళ్లారు. జులియానో కొడుకు ఫ్రాంచెస్కోని కూడా తీసుకెళ్లారు, అప్పటికి చిన్న కుర్రాడు. 61 ఏళ్ల తర్వాత ఆ ఫ్రాంచెస్కోయే ఉత్తరం రాసిపెట్టాడు కాబట్టి మనకిదంతా తెలిసింది. గోతిలోకి దిగి చూడగానే వాళ్ల నాన్న "ఇది ప్లినీ చెప్పిన లావోకూన్" అన్నాడట. విగ్రహం పైకి రావడానికి గొయ్యి వెడల్పు చేయించి, చూడాల్సిందంతా చూసి, భోజనానికి ఇంటికెళ్లారట. ఆ భోజనం సంగతి కూడా రాశాడు చూడు, అందుకే నాకా ఉత్తరమంటే ప్రాణం.

మట్టిలో ఉన్న రాయిని చూసి పేరెలా పట్టాడంటావా? ప్లినీ అనే రోమన్ రచయిత క్రీ.శ. ఒకటో శతాబ్దంలోనే రాశాడు: టైటస్ చక్రవర్తి భవనంలో లావోకూన్ విగ్రహం ఉంది, రోడ్స్ దీవివాళ్లు హగెసాండర్, పాలిడోరస్, అథెనొడోరస్ ముగ్గురూ కలిసి ఒకే రాతిలో చెక్కారు, అన్ని చిత్రాల కంటే, విగ్రహాల కంటే ఇది మిన్న అని. 'ఒకే రాయి' అన్న మాటని మైకెలాంజెలో, ఇంకో శిల్పి కలిసి పరీక్షించి అదే ఏడు తేల్చేశారు, కాదని. నాలుగు అతుకులు చూపించారు. అవి ఎంత నేర్పుగా కప్పి ఉన్నాయంటే, ఆ పనిలో ఆరితేరినవాళ్లకి తప్ప కనబడవట. ఇప్పటి లెక్క ఏడు ముక్కలు. ప్లినీ మీద అంత గౌరవం ఉన్న రోజుల్లో కూడా కళ్లతో చూసి, వేలితో తడిమి, కాదన్నారు. నాకది భలే నచ్చింది.

దొరికినప్పుడు తండ్రి కుడిచెయ్యి లేదు. చిన్నవాడి కుడిచెయ్యీ, పెద్దవాడి కుడి అరచెయ్యీ, పాముల్లో కొన్ని ముక్కలూ లేవు. పాలరాతిలో ముందు పోయేవి అవే కదా, ఒంటికి దూరంగా సన్నగా సాగి, కింద ఏ ఆధారమూ లేనివి. పోప్ కొని వాటికన్‌లో బెల్వెడెరె ప్రాంగణంలో పెట్టించాడు. వాటికన్ మ్యూజియాలు తమ పుట్టుక ఆ కొనుగోలు నుంచే లెక్కపెట్టుకుంటాయి.

ఇక తగువు మొదలు. తండ్రి చెయ్యి ఎలా ఉండేది? మడిచి తల వెనక్కి ఉండేదని మైకెలాంజెలో అన్నాడని చెబుతారు. మిగతావాళ్లు చాచి ఉండేదన్నారు. 1520 ప్రాంతంలో బందినెల్లి అనే శిల్పి మైనంతో ఒక చెయ్యి చేశాడు. మొత్తం విగ్రహానికి పాలరాతి నకలు కూడా చెక్కాడు, అది ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో ఉఫీత్సీ మ్యూజియంలో ఉంది. 1532లో ఏడో క్లెమెంట్ పోప్ చెప్తే మోంటోర్సోలి అనే శిల్పి కాల్చిన మట్టితో ఒక చెయ్యి చేసి తగిలించాడు, బాగా పైకి చాచి. లోకం అదే నిజమనుకుంది. 1720లలో కొర్నక్కీని అనే ఇంకో శిల్పి పిల్లల చేతులు కూడా పూరించాడు. 1798లో నెపోలియన్ మనుషులు పారిస్ పట్టుకుపోయారు, 1816కి మళ్లీ రోమ్ చేరింది. ఎవరు ఏం మార్చినా చెయ్యి మాత్రం పైకే.

బావా, ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. నీ పాత ఫొటో ముందు పెట్టుకో. ఎడమ పాదం దగ్గర వేలు పెట్టి, తొడ, పొట్ట, ఛాతీ మీదుగా పైకి పోనీ. చాచిన చేతిలోంచి వేలు అలా గాల్లోకి దూసుకుపోతుంది. పాముని ఎత్తి అవతల పారేసేలా ఉన్నాడు, గెలుస్తాడేమో అనిపిస్తుంది. ఇప్పుడు కొత్త ఫొటోలో అదే దారిన వేలు పోనీ. భుజం దాటగానే మోచేయి దగ్గర మలుపు తిరిగి తల వెనక్కి వచ్చేస్తుంది, ఇక బయటికి దారి లేదు. బలమంతా లోపలే బిగుసుకుపోయి ఉంది. పాము గెలుస్తోంది. ఒక్క మోచేయి మడతతో కథ ముగింపే మారిపోయింది!

పాపం, లోకమంతా మొదటి బొమ్మ చూసే రాసింది. 1755లో జర్మన్ కళాచరిత్రకారుడు వింకెల్‌మాన్ ఈ విగ్రహాన్ని చూపించే గ్రీకు కళంటే ఉదాత్తమైన సరళత, నిశ్చలమైన గాంభీర్యం అన్నాడు. అంత బాధలోనూ లావోకూన్ అరవడం లేదు, మహాత్ముడు కాబట్టి ఓర్చుకుంటున్నాడని. 1766లో జర్మన్ రచయిత లెస్సింగ్ అడ్డం తిరిగాడు. వర్జిల్ కావ్యంలో ఇతను చుక్కలంటేలా కేకలు పెడతాడు, గొడ్డలి దెబ్బ తప్పించుకుని బలిపీఠం దగ్గర్నుంచి పారిపోయే ఎద్దులా. మరి కావ్యంలో అరిచినవాడు రాతిలో ఎందుకు అరవడు? ఓర్పు కాదు కారణం, రాయి అన్నాడు లెస్సింగ్. కావ్యం కాలంలో నడుస్తుంది, కేక వినిపించి వెళ్లిపోతుంది. రాతిలో తెరిచిన నోరు ఎప్పటికీ గుంటలా ఉండిపోతుంది, చూడలేం. పోతన గజేంద్రుణ్ణి తలుచుకో. పద్యాల్లో ఏనుగు ఎంతసేపు మొరపెట్టుకుంటుంది! బొమ్మలో తొండం ఎత్తితే చాలు, మొర వినిపించేస్తుంది. లెస్సింగ్ చెప్పింది దాదాపు అదే.

ఇద్దరూ ఆ మాటలు రాసేనాటికి అసలు విగ్రహం చూడలేదు తెలుసా! వింకెల్‌మాన్ ఆ పుస్తకం అచ్చయ్యాకే రోమ్ వెళ్లాడు. లెస్సింగ్ ఇటలీలో అడుగుపెట్టింది 1775లో. అచ్చుబొమ్మలూ పోతపోసిన నకళ్లూ చూసి యూరప్ సౌందర్యశాస్త్రాన్నే తిప్పేశారు. అందుకు నాకు వాళ్లమీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. కానీ మడిచిన చెయ్యి చూసుంటే వింకెల్‌మాన్ 'నిశ్చలం' అన్న మాట రాసేవాడా అని… నాకైతే నమ్మకం లేదు.

చిత్రకారుల్లో ఎల్ గ్రెకో ఒక్కడు వేరే దారి పట్టాడు. 1610 తర్వాత వేశాడు, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. అందులో లావోకూన్ నేలమీద వెల్లకిలా పడిపోయి ఉన్నాడు, పాము తలకి ఆనుకుని వస్తోంది. వెనక కనబడేది ట్రాయ్ కాదు, ఎల్ గ్రెకో ఉండే టొలేడో ఊరు, స్పెయిన్‌లోది. చిన్న గుర్రం ఒకటి ఊరి గుమ్మం వైపు నడుస్తూ ఉంటుంది. దొరికితే రంగుల్లో చూడు, నలుపు తెలుపులో దండగ.

ఇప్పుడు చెయ్యి. లుడ్విగ్ పొల్లాక్ అని, ప్రాగ్‌లో పుట్టిన యూదుడు, రోమ్‌లో ప్రాచీన వస్తువుల నిపుణుడు, బరాక్కో మ్యూజియం చూసుకునేవాడు. 1900ల మొదట్లో, విగ్రహం దొరికిన చోటికి దగ్గర్లోనే, ఒక రాతిపనివాడి దొడ్లో పాలరాతి చెయ్యి ముక్క చూశాడు. మోచేయి బాగా మడిచి ఉంది. మీద పాము చుట్ట ఉంది. ఎన్ని కళ్లు చూసి వదిలేసి ఉంటాయో దాన్ని! అతను గుర్తుపట్టి, తెచ్చి, వాటికన్‌కి ఇచ్చాడు. ఇదే అసలుదని మాత్రం అతను కూడా అనుకోలేదు, కొంచెం చిన్న నకలుదనుకున్నాడు. వాటికన్ తీసుకుని లోపల పెట్టింది. అర్ధ శతాబ్దం. (నువ్వు ఇక్కడ "అటక మీద చూశారా?" అంటావు. అను, నీకా హక్కుంది.)

1957లో ఫిలిప్పో మాజి విగ్రహాన్ని విప్పి బాగుచేస్తున్నప్పుడు ఆ ముక్క తెచ్చి ఆనించి చూశారు. విరిగిన రెండు అంచులూ నేరుగా కలవవు, మధ్యలో కొంత రాయి పోయింది. కొత్త చెయ్యి అతికించాలంటే మరమ్మతువాళ్లు విరుగుని చెక్కి చదును చేసుకునేవారు, ఇలాంటి విగ్రహాల్లో చాలావాటికి అసలు అంచు అలాగే పోయింది. మరి ఇదే చెయ్యని ఎలా నమ్మడం? రంధ్రం, బావా! రాతి ముక్కల్ని కలిపేటప్పుడు రెండువైపులా తొలిచి లోపల లోహపు మేకు దింపుతారు. మొండెంలో ఒక రంధ్రం ఉంది, చేతిలో ఒక రంధ్రం ఉంది. రెండూ ఒకే గీతలోకి వచ్చాయి. పోలిక తప్పొచ్చు, రాయి రంగు మోసం చెయ్యొచ్చు, ఒకే వాలులో తొలిచిన రంధ్రాలు రెండు ముక్కల్లో ఊరికే కలవవు. 1960కల్లా మాజి మోంటోర్సోలి చెయ్యీ, పిల్లలకి తర్వాత కలిపిన చేతులూ తీసేసి, దొరికిన దాన్నే ఉంచాడు. పిల్లల చేతులు ఇప్పుడు మొండిగానే ఉంటాయి. అదే న్యాయమనిపిస్తుంది నాకు.

పొల్లాక్ ఇదేం చూడలేదు. 1943 అక్టోబర్ 16న రోమ్‌లో యూదుల ఇళ్ల మీద నాజీలు పడ్డ రోజు, భార్యాబిడ్డలతో సహా అతన్నీ పట్టుకుపోయారు. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో చంపేశారు. తాను ఇచ్చింది అసలు లావోకూన్ చెయ్యేనని తెలీకుండానే పోయాడు. ఇది రాస్తుంటే చేతులాడటం లేదు. ఆ విగ్రహం కింద అతని పేరు పెద్దక్షరాలతో ఉండాలని నాకు గట్టిగా ఉంది.

సరే. ఇంకొకటి చెప్పి ఆపేస్తా. అదే 1957లో రోమ్‌కి దక్షిణాన స్పెర్లోంగాలో రోడ్డు పని చేస్తుంటే టైబీరియస్ చక్రవర్తి గుహలో వేల పాలరాతి ముక్కలు దొరికాయి. గ్రీకు కావ్యం ఒడిస్సీలోని కథల విగ్రహాలవి. వాటిలో ఓడ మీద పడుతున్న స్కిల్లా అనే రాక్షసి విగ్రహం దగ్గర ప్లినీ చెప్పిన ఆ ముగ్గురి పేర్లే చెక్కి ఉన్నాయి! అదే ముగ్గురా, అవే పేర్లున్న తర్వాతి తరంవాళ్లా అని అప్పట్నించీ కొట్లాట. నా ఉద్దేశంలో అయితే… అబ్బా, ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, దీన్ని దారిలో పోస్టు చెయ్యాలి. స్పెర్లోంగా వచ్చే ఉత్తరంలో. ఈలోగా నీ దగ్గరున్న ఆ పాత పుస్తకం ఎప్పటి అచ్చో చూసి రాయి.

ఉంటాను,
నీ బావ