రికార్డులో వచ్చిన అంకెనే రాయనివ్వండి

సంపాదకులకు,

మా అమ్మాయి సైన్సు రికార్డు చూశాక ఈ ఉత్తరం రాస్తున్నాను. లఘులోలకం ప్రయోగం, అంటే దారానికి కట్టిన గుండును ఊపి గురుత్వ త్వరణం కనుక్కునేది, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. జవాబు పుస్తకంలో ఉన్నట్టే సరిగ్గా 9.8 మీ/సె². "దారం ఎంత పొడవు తీసుకున్నారమ్మా?" అని అడిగాను. ప్రయోగమే చేయలేదట. పై తరగతి వాళ్ల రికార్డు చూసి అందరూ ఎక్కించుకున్నారట.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఇదే ప్రయోగంలో మా జట్టుకు 10.9 వచ్చింది. మీటరు పొడవు లోలకం, 20 డోలనాలకు (అటూ ఇటూ పూర్తి ఊపులకు) 38 సెకన్లు. పక్క జట్టును చూసి 9.8 అని దిద్దబోతుంటే మా మాస్టారు నా చేతిలోని రబ్బరు తీసేసుకున్నారు. "వచ్చిందే రాయి. ఎందుకు వచ్చిందో కనుక్కో" అన్నారు. కోప్పడలేదు, జవాబూ చెప్పలేదు. మర్నాడు బడి వదిలాక మాతోపాటే కూర్చున్నారు. మూడోసారి చేస్తుండగా దొరికింది: గుండు వదులుతూనే నేను 'ఒకటి' అంటున్నాను. నేను 20 అనుకున్నవి నిజానికి 19! 'సున్నా' అంటూ వదిలితే 40 సెకన్లు వచ్చాయి, జవాబు 9.9కి దిగింది. మాస్టారు 10.9ని కొట్టేయనివ్వలేదు. దాని కిందే కారణం రాయించి, అక్కడే సంతకం పెట్టారు.

అప్పట్లో నేను లెక్కల్లో వెనకబడిన పిల్లను, తరగతిలో నోరు విప్పేదాన్ని కాదు. మిగతా జట్లకు లెక్కించడం చూపించే పని ఆయన నాకే అప్పగించారు. ఆ పొరపాటు ఎలా జరుగుతుందో నాకే బాగా తెలుసన్నారు. తనకు తెలియని ప్రశ్న ఎవరైనా అడిగితే బోర్డు మూలన రాసుకునేవారు, జవాబు దొరికేదాకా చెరిపేవారు కాదు.

22 ఏళ్లుగా రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. విలువ ముందే తెలిసిన నమూనాతో రోజూ యంత్రాన్ని సరిచూస్తాం. అంకె హద్దు దాటితే రోగుల నమూనాలు ఆపి కారణం వెతకాలి. అక్కడ ఎవరైనా 'ఉండవలసిన అంకె' రాసేస్తే రోగికి మందు మోతాదే మారిపోవచ్చు.

మొన్న ఆదివారం దారానికి రాయి కట్టి మా అమ్మాయి చేత ప్రయోగం చేయించాను. 9.6 వచ్చింది. పొడవును రాయి మధ్య దాకా కాక ముడి దాకే కొలిచింది. నేను చెప్పలేదు, తనే వెతుకుతోంది. "ఇదే రికార్డులో రాస్తే మార్కులు తగ్గిస్తారా అమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మార్కులు వేసే ఉపాధ్యాయులనే అడుగుతున్నాను.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్