ఆ సీసాలో ఉన్నవి వెంట్రుకలు కావు

సంపాదకులకు నమస్కారం.

కిందటి నెల మా మనవరాలిని ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. చైనా వస్తువుల గదిలో అరచేతిలో ఇమిడేంత స్ఫటికం సీసా ఉంది. లోపల అడ్డదిడ్డంగా సన్నని నల్లటి గీతలు. “తాతయ్యా, ఇందులో వెంట్రుకలు పడ్డాయి. ఎవరూ కడగలేదా?” అంది పిల్ల. పక్కనున్నాయన గాజు బీటలిచ్చిందన్నారు. అక్కడి ఉద్యోగి కుంచెతో వేసిన గీతలన్నారు. చీటీ మీదేమో ఇంగ్లిషులో ‘నశ్యం సీసా, చైనా’ అని ఒక్క ముక్క. నశ్యం అంటే ముక్కుపొడుం.

ముప్పై ఏళ్లు సైన్స్ చెప్పినవాణ్ణి, మనసు ఊరుకోలేదు. అవి బీటలు కావు, బొమ్మా కాదు. భూమి లోపల స్ఫటికం పెరిగేటప్పుడు వేరే ఖనిజాల సూదులు అందులో చిక్కుకుపోతాయి. నల్లగా ఉంటే చాలావరకు టూర్మలిన్, బంగారు రంగులో మెరిస్తే రూటైల్. చైనావాళ్లు కూడా ఆ రాయిని ‘వెంట్రుక స్ఫటికం’ అనే అంటారు. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది!

చింగ్ రాజుల కాలంలో (1644–1912) అక్కడ ముక్కుపొడుం పీల్చడం పెద్ద మర్యాద. జలుబుకీ తలనొప్పికీ మందనీ నమ్మేవాళ్లు. మన తాతలు పొడుం డబ్బాలో దాచుకున్నారు, వాళ్లు తేమ తగలకుండా బిరడా ఉన్న సీసాలో దాచుకున్నారు. బిరడాకి కిందివైపు చిన్న చెంచా కూడా ఉంటుంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో స్ఫటికానిది 7, చాకు మొనకి గీత కూడా పడదు. అలాంటి రాయిని, పెన్సిల్ దూరేటంత మూతిలోంచి వంకర పనిముట్లు పెట్టి, గరుకు పొడీ నీళ్లూ వేసి రుద్దుతూ లోపలంతా తొలిచారు. ఎంత పల్చగా తొలిచారంటే, నీళ్లలో వేస్తే తేలే సీసాలూ ఉన్నాయి. మచ్చలేని రాయి దొరక్క ఇది వాడారనుకుంటే పొరపాటు. సూదులు అందంగా కనబడేలా రాయిని ఏరి, తిప్పి చూసుకుని కోసేవారు. లోపల బొమ్మలు వేసిన సీసాలూ ఉన్నాయి, కానీ అది వేరే పని. రెంటినీ కలిపి చెబితే ఆ రాతిపనివాడికి అన్యాయం చేసినట్టే.

మ్యూజియాల అధికారులకు నా మనవి ఒక్కటే. ఇలాంటి వస్తువుల పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. వెనక నుంచి చిన్న లైటు, ముందు ఒక భూతద్దం పెట్టించండి. పెద్ద ఖర్చేమీ కాదు. బళ్లవాళ్లు పిల్లల్ని బస్సుల్లో తెచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లోనే, ఆ లోపు చేయిస్తే మేలు.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, హనుమకొండ