చెలకను గ్రౌండు చేసినోళ్లకు, పీటీ నేర్పిన ఉస్తాద్‌కు శనార్తులు

పరకాల రోడ్డు పక్కన మా ఊరి చెలకలో ఆర్మీ ప్రాక్టీసు గ్రౌండు తయారైంది, ఎండాకాలం బ్యాచ్ కూడా పూర్తయింది. ఎవరినడిగినా "మేం చేసిందేముంది" అని తప్పించుకుంటున్నారు. అందుకే ఎవరు ఏం చేశారో, అది ఎందుకు పనికొచ్చిందో రాసి పెడుతున్నాం. పేర్లు మాత్రం వద్దన్నారు.

మొదటి దండం ఉస్తాద్‌కు. ఆర్మీలో పీటీ నేర్పి రిటైరైన మనిషి. బ్యాచ్‌లో కొందరికి సిపాయి కావడంతో ఆగకుండా పీటీ ఇన్‌స్ట్రక్టర్ కావాలని ఉంది. "దానికి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతది?" అని అడిగితే ఆయన మొదట్లోనే తేల్చేశారు. అగ్నివీర్ నోటిఫికేషన్‌లో జనరల్ డ్యూటీ, టెక్నికల్, క్లర్క్, ట్రేడ్స్‌మన్ లాంటివి ఉంటాయి గానీ పీటీ ఇన్‌స్ట్రక్టర్ అనే కేటగిరీ ఉండదు. ముందు సిపాయి కావాలి. ట్రైనింగ్ సెంటర్ దాటి యూనిట్‌కు పోయాక, పీటీలో చురుకైనవాళ్లను యూనిట్టే కోర్సుకు పంపుతుంది. ఆ కోర్సులు నడిచేది పుణేలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజికల్ ట్రైనింగ్‌లో. అక్కడ మంచి గ్రేడింగ్ వస్తే యూనిట్‌లో పీటీ నడిపించే పని దొరుకుతుంది, ఆర్మీ ఫిజికల్ ట్రైనింగ్ కోర్‌కు దారి కూడా అటునుంచే. అగ్నివీర్ సర్వీసు 4 ఏళ్లు, ఆ తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం దాకానే. "కోర్సు సంగతి తర్వాత, ముందుగాల ఆ పాతిక మందిల ఉండుర్రి" అని ఆయన మాట. డైరెక్టుగా పీటీ పోస్టు ఇప్పిస్తామని తిరిగే దళారులకు మా ఊళ్లో పైసా పుట్టకుండా పోయిందంటే ఆ ఒక్క మాట వల్లే.

ఇక ఆయన నేర్పిన అసలు విద్య వేరే ఉంది. పీటీ బాగా చేసేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, పది మందితో సరిగ్గా చేయించేవాళ్లు అరుదు. నిలబడే చోటుతోనే మొదలుపెట్టించారు. పొద్దుగాల ఎండ క్లాసు కళ్లలో పడొద్దు, ఇన్‌స్ట్రక్టరే సూర్యుడికి ఎదురుగా నిలబడాలి. కమాండు రెండు ముక్కలు. ఉరికించాలంటే "దౌడ్ కే" అని సాగదీసి, ఒక్క క్షణం ఆగి, "చల్" అని తుంచాలి. ఆ మధ్య ఆగడం లేకపోతే ముందు వరస కదులుతుంది, వెనక వరస ఇంకా ఆలోచిస్తుంటుంది. కేక గొంతులోంచి వస్తే మూడో రోజుకే గొంతు పోతుంది, పొట్ట బిగించి అరవాలి. తప్పు కమాండు నోట్లోంచి జారితే నీళ్లు నమలొద్దు, "జైసే థే" (ముందున్నట్టే నిలబడండి) అని మళ్లీ మొదలుపెట్టాలి.

తర్వాత నమూనా. మొదట మాట్లాడకుండా మామూలు వేగంతో ఒకసారి, ఆ తర్వాత గిన్తీ (ఒకటి, రెండు అని లెక్క) చెప్తూ మెల్లగా. పుషప్ నమూనా క్లాసుకు ఎదురుగా చూపిస్తే ఏమీ కనపడదు, నడుము జారడం, మోచేయి విచ్చుకోవడం పక్క నుంచే తెలుస్తాయి. దిద్దేటప్పుడు ఒకసారికి ఒక్క తప్పే. కొత్త పిలగానికి మెడ, మోచేయి, నడుము మూడూ తప్పే ఉంటాయి. మూడూ ఒకేసారి చెబితే బిగుసుకుపోతాడు. ముందు నడుము సరిచేస్తే మెడ సగం దానంతటదే కుదురుతుంది. ఇది పుస్తకంలో దొరికే సంగతి కాదని మా అభిప్రాయం.

చెలక ఇచ్చిన కాకకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ముప్పై గుంటల చిల్లరలో 200 మీటర్ల ట్రాక్ పట్టింది. రెండు పక్కలా 50 మీటర్ల తిన్నని దారులు, రెండు కొసలకు అర్ధచంద్రాలు. లోపలి సున్నం గీత 15 మీటర్ల 72 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీయాలి, కొలత లెక్కకొచ్చేది దానికి 20 సెంటీమీటర్లు బయట. 8 రౌండ్లు తిరిగితే 1.6 కిలోమీటర్లు, ఆర్మీ భర్తీ ర్యాలీలో ఉరకాల్సిన దూరం అదే. 5 నిమిషాల 30 సెకన్లకు 60 మార్కులు, ఒక్క సెకను దాటితే 48. కాబట్టి రౌండు 41 సెకన్లకు పడాలి. చాలామంది మొదటి రౌండు 35కే కొట్టి, ఐదో రౌండుకు కాళ్లు ఈడుస్తారు. ఇంకో దొంగదెబ్బ మలుపుల్లో ఉంది. లోపలి గీత వదిలి మీటరు బయటగా పరుగెత్తితే రౌండుకు 6 మీటర్లు పైనే ఎక్కువవుతుంది. ర్యాలీలో 400 మీటర్ల ట్రాక్ మీద 4 రౌండ్లకు అది 25 మీటర్లు, అంటే 5 సెకన్లు. గుంపులో దాటాలంటే తిన్నని దారిలోనే దాటాలి.

మొరం పోసిన ట్రాక్టర్ అన్నకు, దాంట్లోంచి కంకర ఏరిన ఉపాధి హామీ అమ్మలక్కలకు కలిపి చెప్పాలి. మలుపులో గులకరాయి మీద మడమ జారితే ఆ సీజన్ పోయినట్టే.

వెల్డింగ్ షాపు అన్న బీము చేసిచ్చాడు, పైపు డబ్బులు తప్ప కూలి ముట్టలేదు. ఒకటింబావు అంగుళం హెవీ జీఐ పైపు, నేలకు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు, స్తంభాలు రెండున్నర అడుగుల లోతున కాంక్రీట్‌లో. ఇంకా లావు పైపైతే పిడికిలి మూయదు. 10 పుల్లప్‌లకు 40 మార్కులు, 9కి 33. చేతులు పూర్తిగా చాపి వేలాడి, గడ్డం పైపు దాటించాలి, కాళ్లు తన్ని లేస్తే లెక్కలోకి రాదు. ఆరు దగ్గర ఆగిపోయేవాళ్లకు ఉస్తాద్ చెప్పిన మందు: స్టూలెక్కి గడ్డం పైన పెట్టి, 5 సెకన్లు లెక్కపెడుతూ కిందికి దిగడం. దినం తప్పించి దినం, నాలుగైదు సార్లు, అంతే. రోజూ చేస్తే మోచేతి నరం పట్టేస్తుంది.

ర్యాలీలో దూకాల్సిన తొమ్మిదడుగుల గుంత కోసం టేకు పలక ఇచ్చిన వడ్లాయనకూ దండం. దూకే అంచు మట్టిదైతే రెండు రోజుల్లో విరిగి గుంత పదడుగులవుతుంది, సిమెంటుదైతే జారినప్పుడు మోకాలి చిప్ప పోతుంది. దూకలేనివాళ్లలో చాలామందికి బలం తక్కువై కాదు, అంచు దగ్గర అడుగు కుదరకే ఆగిపోతారు. వెనక్కి అడుగులు కొలిచి గుర్తు పెట్టుకుంటే ఆ భయం తీరుతుంది. జిగ్‌జాగ్ పలక (పడిపోకుండా నడవాల్సిన వంకరటింకర సన్న పలక) గురించి చెప్పేది ఒకటే, కాళ్ల వైపు చూడొద్దు.

ఫిజియో అక్క ఆదివారాలు వచ్చి మోకాలి కింది ఎముక నొప్పులు చూసింది. సీసీ రోడ్డు మీద పరుగెత్తినవాళ్లకే ఈ నొప్పి ఎక్కువ. లోపలి అంచున బెత్తెడు మేర నొప్పి ఉంటే పరుగు తగ్గించి, మొరం మీదికి మారితే చాలాసార్లు తగ్గుతుంది. వేలు పెట్టిన ఒక్కచోటే చురుక్కుమంటే ఎముకలో సన్న చీలిక కావచ్చు, పరుగు ఆపి డాక్టర్‌కు చూపించాలి. మొదట్లో ఎక్స్‌రేలో అది కనపడకపోవచ్చు, "ఎక్స్‌రే మంచిగనే ఉంది" అని మళ్లీ ఉరకొద్దు. వారానికి పరుగు పదో వంతుకు మించి పెంచొద్దని ఆమె గట్టిగా చెప్పింది.

వానలు మొదలయ్యాయి. గుంతలో ఇసుక గట్టిపడుతుంది, రోజూ దూకే ముందు అడుగు లోతు గుల్ల చేసే పని కొత్త బ్యాచ్‌ది. ఇసుక ఇంకో ట్రిప్పు కావాలి. ట్రాక్టర్ అన్న ఒప్పుకున్నాడు. అన్నా, ఈసారి డీజిల్ డబ్బులు మాత్రం తీసుకోవాల్సిందే.