చెల్లని ఓటు ఎందుకు చెల్లలేదో రాసి పెట్టండి

సంపాదకుల వారికి,

నమస్కారం. 2024 జూన్‌లో మా వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక లెక్కింపు నల్లగొండలో రోజుల తరబడి సాగింది. పోలైన 3,36,013 ఓట్లలో 25,824 చెల్లలేదు. అంటే పదమూడింటికి ఒకటి. ఈ ఎన్నికలో టిక్కు పెట్టకూడదు, అభ్యర్థుల పేర్ల ఎదుట మనకు నచ్చిన వరసలో 1, 2, 3 అని ప్రాధాన్యపు అంకెలు వేయాలి. "డిగ్రీ చదివి ఒకటి అంకె వేయరాదా" అని గడియారం చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. అయితే అదే ఏడాది మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఉప ఎన్నికలో ఓటర్లు దాదాపు అందరూ ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లే. అక్కడా 1,437లో 21 మురిగిపోయాయి. పట్టభద్రులను ఒక్కరినే ఆడిపోసుకోవడం దేనికి?

నన్ను వేధించే ప్రశ్న వేరు. ఆ 25,824లో టిక్కు పెట్టినవెన్ని? ఇద్దరికి ఒకటి వేసినవెన్ని? ఒకే పేరు ఎదుట 1, 2 రెండూ వేసినవెన్ని? సంతకం చేసినవెన్ని? మొత్తం అంకె టీవీల్లో తిరుగుతుంది. లోపలి లెక్క ఓటరు దాకా రాదు.

కొన్నేళ్ల కిందట ఒక ఎమ్మెల్సీ లెక్కింపులో ఇండిపెండెంటు అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చున్నాను. ఎప్పుడు, ఎక్కడ అన్నది వదిలేద్దాం. రెండు రాత్రులు కన్ను మూయకుండా పనిచేసిన సిబ్బందిని ఇప్పుడు అనడం నాకు ఇష్టం లేదు. తెల్లవారుజామున ఒక బ్యాలెట్ చెల్లనివాటిలో పడింది. దానిమీద ఉన్నది తెలుగు అంకె "౧". సున్నా అనుకున్నారు. నా పక్కనున్న రిటైర్డ్ తెలుగు పంతులు లేచి నిలబడ్డాడు. నిబంధన ప్రకారం మామూలు అంకె వేయొచ్చు, రోమన్ అంకె వేయొచ్చు, ఏ భారతీయ భాష అంకె అయినా వేయొచ్చు. అక్షరాల్లో "ఒకటి" అని మాత్రం రాయకూడదు. అధికారి పుస్తకం తిరగేసి, ఆ ఓటును వెనక్కి తెప్పించారు. పంతులు కూర్చున్నది ఒక్క టేబుల్ దగ్గరే.

ఒక్క ఓటుకు ఇంత రాద్ధాంతమా అంటే, ఈ పద్ధతిలో ఒక్క ఓటు ఎన్నో చేతులు మారుతుంది. ఒకే సీటు ఉన్నప్పుడు చెల్లిన ఓట్లను రెండుతో భాగించి, శేషం వదిలేసి, ఒకటి కలిపితే కోటా, అంటే గెలుపుకు కావాల్సిన ఓట్లు. ఎవరికీ కోటా రాకపోతే అట్టడుగువాణ్ని తీసేసి, అతని కట్టలు విప్పి, తర్వాతి ప్రాధాన్యం ఉన్నవారికి పంచుతారు. చెల్లని ఓటు తేల్చడంలో తప్పు జరిగితే ముందు కోటాయే మారిపోతుంది. 2021లో ఇదే స్థానానికి 71 మంది పోటీ చేశారు. కోటా 1,83,167. గెలిచిన పల్లా రాజేశ్వర్‌రెడ్డి గారికి చివరికి వచ్చినవి 1,61,811. రెండో, మూడో ప్రాధాన్యం వేయని ఓట్లు మధ్యలోనే ఆగిపోతాయి కాబట్టి కోటా అందకుండానే గెలవొచ్చు. అందులో అక్రమమేమీ లేదు. అది తెలియకనే ఊళ్లలో సగం అనుమానాలు పుడతాయి.

అనుమానం కాక అసలు తగాదా అయిన సందర్భాలూ ఉన్నాయి. 2017లో గుజరాత్ రాజ్యసభ ఎన్నిక. మూడు సీట్లు, 176 మంది ఎమ్మెల్యేల ఓట్లు. సీట్లు ఒకటికి మించితే ఒక్కో ఓటును 100గా లెక్కిస్తారు; మూడు సీట్లకు ఆ మొత్తాన్ని నాలుగుతో భాగించి ఒకటి కలిపితే కోటా. బ్యాలెట్ చూపకూడనివారికి చూపారని ఎన్నికల సంఘం అర్ధరాత్రి దాటేవేళ రెండు ఓట్లు రద్దు చేసింది. కోటా 4,401 నుంచి 4,351కి దిగింది. అహ్మద్ పటేల్‌కు ఉన్నవి 4,400, అలా గెలిచారు. ఓడిన అభ్యర్థి గుజరాత్ హైకోర్టుకు వెళ్లాడు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు పటేల్‌ను విచారణ ఎదుర్కోమంది. అంటే ఏడాదిన్నర గడిచినా అసలు విచారణ అప్పటికి ఇంకా మిగిలే ఉంది.

2024లో హిమాచల్‌ది ఇంకో వింత. రాజ్యసభ సీటుకు పోటీ చేసిన ఇద్దరికీ 34 ఓట్ల చొప్పున వస్తే చీటీ తీశారు. చీటీలో పేరొచ్చిన అభిషేక్ సింఘ్వీ ఓడిపోయారు! మామూలు ఎన్నికల్లో చీటీ పడ్డవాడు గెలుస్తాడు, ఇక్కడ తొలగిపోతాడట. ఆయన ఆ అర్థాన్నే హైకోర్టులో సవాలు చేశారు. ఆస్ట్రేలియాలో 2013 సెనేట్ ఎన్నికలో రెండు చిన్న పార్టీల మధ్య 14 ఓట్ల తేడా మీద చివరి రెండు సీట్లు ఆధారపడ్డాయి. మళ్లీ లెక్కిద్దామంటే 1,370 బ్యాలెట్లు కనబడలేదు. కోర్టు ఎన్నికనే కొట్టేస్తే, 2014 ఏప్రిల్‌లో పశ్చిమ ఆస్ట్రేలియా అంతా మళ్లీ ఓటేసింది.

మన దగ్గర ఓడినవాడు 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఆరు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. ఆ ఆరు నెలలు ఎంత సాగుతాయో కోర్టు మెట్లెక్కినవారికి చెప్పనక్కర్లేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఊరికే అనుమానం ఉందంటే బ్యాలెట్లు తెరవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1964 నుంచీ చెబుతోంది. ఓటు రహస్యం కాపాడాలి కదా, న్యాయమే. ఏ ఓటును ఏ కారణంతో తప్పుగా తిరస్కరించారో పిటిషన్‌లో వివరంగా చూపాలి. ఆ వివరమేమో సీలు వేసిన పెట్టెలో ఉంటుంది. తాళం చెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టుంది మన కథ. లెక్కింపు హాల్లోనే, ఓట్ల బదిలీకి ముందో తర్వాతో, మళ్లీ లెక్కించమని ఏజెంటు అడగొచ్చు. కానీ అవే ఓట్లను ఒకసారికి మించి లెక్కించి తీరాలని అధికారికి నిర్బంధం లేదు. మూడో రోజు రాత్రి నిద్రమత్తులో ఉన్న ఇండిపెండెంటు ఏజెంటుకు ఏం అడగాలో తోచదు కూడా.

నేను కోరేది చిన్నదే. తిరస్కరించిన ప్రతి బ్యాలెట్‌కూ కారణం ఒక వరసలో నమోదు చేయండి. అభ్యంతరం వచ్చిన బ్యాలెట్‌ను, వెనక ఉండే సీరియల్ నంబరు పడకుండా, ముందు వైపు మాత్రం ఫొటో తీసి ఏజెంట్లకు ఇవ్వండి. పేరు, సంతకం ఉన్నవాటిని మినహాయించండి. కారణాలవారీ పట్టికను, ప్రతి తొలగింపులో ఎన్ని ఓట్లు ఎవరికి మారాయన్న లెక్కను ఫలితం ప్రకటించిన రోజే జిల్లా వెబ్‌సైట్లో పెట్టండి. ఓడినవాడికి కోర్టుకు వెళ్లాలో, ఇంటికి వెళ్లాలో అప్పుడే తెలిసిపోతుంది.

ఈ స్థానం గడువు 2027 మార్చిలో తీరుతుంది. ఓటరు జాబితా మళ్లీ మొదటి నుంచి తయారవుతుంది, మేమంతా పట్టభద్ర ఓటరుగా నమోదుకు ఇచ్చే దరఖాస్తు, ఫారం 18, కొత్తగా నింపాలి. సిబ్బందికి శిక్షణ ఇచ్చేటప్పుడు తెలుగు అంకెలు తొమ్మిదీ బోర్డు మీద ఒకసారి రాసి చూపించమని కూడా జిల్లా ఎన్నికల అధికారికి మనవి.

ఇట్లు,
ఒక పట్టభద్ర ఓటరు,
రామగిరి, నల్లగొండ