గువ్వలచెరువు ఘాటు ఎక్కాల్సిన బండి

కడప

మామా,

ఎలా ఉన్నావు? నంద్యాలలో పిల్లలు, చెల్లెమ్మ బాగున్నారా? మొన్న ఫోన్‌లో బండి మాట ఎత్తగానే "ఏదో ఒక ఎస్‌యూవీ తీసేసుకో, గొడవ వదిలిపోతుంది" అన్నావు. నాకు అంత తొందరగా తేలే విషయం కాదిది. ఫోన్‌లో చెప్తే సగం మింగేస్తాను, అందుకే కూర్చొని రాస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందు పాతదాని సంగతి. మన స్విఫ్ట్ వీడీఐ 2011లో కొన్నది కదా, ఇప్పుడు 15 ఏళ్ళు నిండుతున్నాయి. ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కడితే ఆర్సీ ఇంకో 5 ఏళ్ళకి రెన్యువల్ చేస్తారు. చేయించొచ్చు. కానీ మెకానిక్ అన్న కాగితం మీద రాసిచ్చిన పట్టీ చూడు: ముందు షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టీరింగ్ ర్యాక్, క్లచ్ సెట్టు, ఏసీ కంప్రెసర్. అవన్నీ వేయిస్తే బండికి ఇప్పుడున్న ధర కంటే ఖర్చే ఎక్కువయ్యేలా ఉంది. "ఇంజిన్ జోలికి మాత్రం పోవద్దు సార్, అది ఇంకా తిరుగుతుంది" అన్నాడు. ఆ మాట వింటే నిజంగా గర్వంగా అనిపించింది. ఆ 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజిన్ అసలు ఫియట్ వాళ్ళ డిజైన్. మారుతి, టాటా, ఫియట్ అందరూ దాన్నే పెట్టి మన దేశంలో బండ్లు అమ్మారు. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక దాని కథ ముగిసింది. 75 హార్స్ పవరే, కానీ 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగుడు. ఆ రెండు వేలు దాటిందాకా కదిలీ కదలనట్టు ఉండి, దాటగానే వీపు సీటుకి అతుక్కునేది. చదువుకునే రోజుల్లో కారంటే ఎలా ఉండాలని మనం కల కన్నామో, నాకు అది ఆ బండిలో దొరికింది. అందుకే దాని స్థానంలో ఏదో ఒకటి తెచ్చి పెట్టడానికి మనసొప్పడం లేదు.

స్పోర్టీ బండి కావాలంటే అందరూ టాప్ స్పీడ్ ఎంత అని అడుగుతున్నారు. నాలుగు వరుసల రహదారి మీదే 100 దాటకూడదు, దానితో నాకేం పని? నాకు కావాల్సింది గువ్వలచెరువు ఘాటులో పనికొచ్చే బండి.

రాయచోటికి నేనెంత తిరుగుతానో నీకు తెలుసు. మామగారికి ఒంట్లో బాగుండటం లేదు కాబట్టి ఈ మధ్య ఇంకా ఎక్కువైంది. కడప దాటాక కాసేపు చదును రోడ్డు, తర్వాత ఘాటు మొదలు. మలుపు మీద మలుపు. ముందు లోడు లారీ ఫస్ట్ గేరులో పాకుతూ ఉంటుంది, వెనక ఇంకో లారీ, ఎదురుగా ఆర్టీసీ బస్సు దిగొస్తుంటుంది. కాస్త తిన్నగా ఉన్న చోట దాటడానికి దొరికే సందు చాలా చిన్నది. కాలు నొక్కిన వెంటనే బండి అందుకోవాలి. అందుకుంటుందో లేదో అని అనుమానం వచ్చిందా, వెనకే ఉండిపోవాలి. అంటే పైపైన, 6000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే హార్స్ పవర్ కంటే, కింద 1500, 2000 దగ్గర దొరికే లాగుడు ముఖ్యం. తర్వాత మలుపులో బండి పక్కకి ఒరగకూడదు, స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరగాలి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిన్ పట్టి ఉంచాలి, బ్రేకు మీద నమ్మకం ఉండాలి. మామా, నా లెక్కలో స్పోర్టీ అంటే ఇదే. పది, పన్నెండు లక్షల్లో ఇది దొరుకుతుందా లేదా అని ఇన్నాళ్ళుగా వెతుకుతున్నా.

కొత్త స్విఫ్ట్ నడిపి చూశాను. పాత ప్రేమ ఉంది కదా, దాని మీదే ముందు మనసు పోయింది. బండి తేలిక, స్టీరింగ్ చలాకీగా ఉంది, ఊళ్ళో ఏడురోడ్ల దగ్గర సందుల్లో తిప్పడానికి హాయి. కానీ 2024లో వచ్చిన ఈ మోడల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసేసి మూడు సిలిండర్లది పెట్టారు. 82 హార్స్ పవర్, 112 న్యూటన్ మీటర్లు, అదీ 4300 దగ్గర. మైలేజీకి మంచిదే. నలుగురు మనుషులు, సామాను, ఏసీ, పైన ఘాటు ఎక్కుడు... మన డీజిల్‌కి అలవాటుపడ్డ కాలికి అది చాలదు. మాటిమాటికీ గేరు దించి ఇంజిన్‌ని అరిపించాలి. విదేశాల్లో అమ్మిన స్విఫ్ట్ స్పోర్ట్ మన దేశానికి తెచ్చి ఉంటే ఈ ఉత్తరం రెండు లైన్లలో అయిపోయేది. తేలేదు.

నువ్వన్న ఎస్‌యూవీల విషయం. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో 130 హార్స్ పవర్ టర్బో పెట్రోల్ వస్తుంది, 230 న్యూటన్ మీటర్లు. ఆ లాగుడుకి పేరు పెట్టడానికి లేదు. బండ్లని గుద్దించి భద్రత చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు కూడా వచ్చాయి. కానీ ఎత్తు బండి, మలుపులో ఒరుగుతుంది, పైగా ఆ ఇంజిన్ కావాలంటే పై వేరియంట్లకి పోవాలి. కియా సోనెట్ మీద నాకు మనసు ఇంకా ఎక్కువ లాగింది. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే బండి, 2019లో ఆ ఫ్యాక్టరీ నుంచి బండ్లు బయటికి రావడం మొదలైనప్పుడు మన సీమలో అందరం ఎంత సంబరపడ్డామో! కానీ సోనెట్ టర్బో పెట్రోల్‌కి క్లచ్ పెడల్ ఉన్న మామూలు గేర్‌బాక్స్ ఇవ్వరు. గేరు రాడ్ ఉండి క్లచ్ లేని ఐఎంటీ, లేదంటే ఆటోమేటిక్ డీసీటీ. ఐఎంటీ నాకు నచ్చలేదు, ఘాటు దిగేటప్పుడు ఎడమ కాలు క్లచ్ కోసం వెతుక్కుంటూనే ఉంది. డీసీటీ సాఫీగానే ఉంటుంది. కానీ డ్రై క్లచ్ రకం డీసీటీ ఎత్తు మీద ఆగుతూ, పాకుతూ పోతే వేడెక్కుతుంది. మన ఎండల్లో, లారీల వెనక ఘాటులో నేను చేసేది అదే పని. కాబట్టి మూడు పెడళ్ళ బండే కావాలని తేల్చుకున్నా.

సెకండ్ హ్యాండ్ కూడా చూశాను. ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐ మాన్యువల్ బండ్లు ఇంకా దొరుకుతున్నాయి. 110 హార్స్ పవర్, 175 న్యూటన్ మీటర్లు, తలుపు వేస్తే వచ్చే ఆ గట్టి చప్పుడు. 2022లో ఆపేసినా వాటి ధర మాత్రం దిగడం లేదు, బాగున్న బండి దొరకాలంటే హైదరాబాదో బెంగళూరో పోవాలి. ఫియట్ పుంటో అబార్త్ ఒకటి నెట్‌లో కనిపించింది, 145 హార్స్ పవర్. ఒక్క రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారాక మెకానిక్ అన్నని అడిగితే, ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడమే మానేసింది, పార్ట్‌లు యాడ తెస్తావు సార్ అన్నాడు. నిజమే, రోజూ వాడే బండికి అంత టెన్షన్ పెట్టుకోలేం.

ఆఖరికి మిగిలినవి రెండు. టాటా ఆల్ట్రోజ్ రేసర్, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. రెండూ 120 హార్స్ పవరే. టార్క్ రేసర్‌ది 170, ఐ20ది 172. రెండిటికీ ఆరు గేర్ల మాన్యువల్ ఉంది. రేసర్ 2024 జూన్‌లో వచ్చింది, 2025 మేలో మార్పులు చేసి తెచ్చిన కొత్త ఆల్ట్రోజ్‌లో టర్బో పెట్రోల్ లేదు, కాబట్టి రేసర్ కావాలంటే వాడిందే వెతకాలి. ఆల్ట్రోజ్‌కి 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది, అది చిన్న విషయం కాదు.

ఐ20 ఎన్ లైన్ మాత్రం కడపలోనే మా తోడల్లుడి దగ్గర ఉంది. ఆదివారం తాళం చేతికిచ్చి, "నీ ఘాటుకే పో" అన్నాడు. పొద్దున్నే లారీలు తక్కువున్నప్పుడు బయల్దేరాను. ఘాటు మొదట్లోనే తేడా తెలిసింది. స్టీరింగ్ మామూలు ఐ20 కంటే బరువుగా ఉంది, చేతికి రోడ్డు తెలుస్తుంది. ఒక ఎడమ మలుపు తర్వాత సిమెంటు మూటల లారీ దొరికింది. వెనక పట్టా కట్టిన తాడు ఊగుతోంది, సైలెన్సర్ నుంచి నల్ల పొగ. ఆగాను. ఎదర రోడ్డు తిన్నగా, ఖాళీగా కనిపించింది. రెండో గేరు, ఇండికేటర్, హారన్, కాలు నొక్కాను. పాత స్విఫ్ట్ అయితే టర్బో అందుకునే దాకా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టే వాణ్ణి. ఇది 1500 నుంచే లాగుతుంది కాబట్టి ఆ క్షణమే లేదు. లారీ డ్రైవర్ తలుపు పక్కకి వచ్చేసరికి మూడో గేరు, తర్వాతి మలుపు ఇంకా దూరంగా ఉంది, నా వరసలోకి వచ్చేశాను. దిగేటప్పుడు రెండో గేరులో చక్కగా పట్టి ఉంది. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు కావడంతో పెడల్ చివరి మలుపు దాకా ఒకేలా ఉంది. అంతకుముందు, ఎక్కాక పైన కోవా దుకాణం దగ్గర ఆపి, టర్బో చల్లబడాలని ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, ఆ తర్వాత ఆర్పాను. వేడి వేడి పాలకోవా కట్టించుకొని వచ్చాను. చాలా సంతోషం వేసింది మామా, ఎన్నాళ్ళకో.

లోటు లేదని కాదు. సస్పెన్షన్ కాస్త గట్టి, మన కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద మెల్లగా పోవాలి. కింద ఖాళీ 170 మిల్లీమీటర్లు, అది పాత స్విఫ్ట్‌కీ అంతే కాబట్టి ఇబ్బంది లేదు. మైలేజీ ఊళ్ళో 12, హైవేలో 16 అని తోడల్లుడి లెక్క. డీజిల్‌కి అలవాటైన ప్రాణానికి కష్టమే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోల్, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి దాని వల్లా కొంచెం తగ్గుతుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పి, కూర్చోవడానికి బండి కిందికి ఉంది. ముందు సీటు కొంచెం ఎత్తు చేస్తే కూర్చొని లేవగలిగింది, అది చూశాకే ముందుకి కదిలాను.

అసలు గొడవ స్టార్ల దగ్గర వచ్చింది. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐ20ని గుద్దించి చూసినప్పుడు 3 స్టార్లే వచ్చాయి. అప్పుడు పరీక్ష చేసింది రెండు ఎయిర్‌బ్యాగుల బండి. 2023 నుంచి అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు, స్టెబిలిటీ కంట్రోల్ ఇస్తున్నారు. కానీ అప్పట్లో బాడీ షెల్ కూడా స్థిరంగా లేదని రాశారు, అది ఎయిర్‌బ్యాగులతో తీరేది కాదు. మా ఆవిడ ఆ రిపోర్టు చదివి "పిల్లలు వెనక కూర్చుంటారు" అంది, అంతే. ఆ మాటని పక్కన పెట్టలేను. అందుకే ఒక సంవత్సరం వాడిన ఆల్ట్రోజ్ రేసర్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తున్నా. దొరికి, బండి బాగుంటే అదే తీసుకుంటా. డ్రైవింగ్‌లో ఐ20కి ఒక మెట్టు కింద అయినా పర్వాలేదు. సంక్రాంతి దాకా దొరక్కపోతే ఐ20 ఎన్ లైన్ మాన్యువల్ బుక్ చేస్తా, మా ఆవిడ కూడా దానికి ఒప్పుకుంది.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు ఇంజిన్ ఉండాలి. ఐ20 టర్బో 998 సీసీ కాబట్టి ఇందులోకే వస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ లాంటి పొడుగు బండ్లు 40 శాతంలో ఉన్నాయి, అటువైపు చూడను. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపినా నా లెక్క దాటదు. ఒక షోరూమ్‌లో యాక్సెసరీల ప్యాకేజీ తీసుకుంటేనే బండి తొందరగా ఇస్తామన్నారు. కాగితం మీద ఏది తప్పనిసరో రాసివ్వమని అడిగితే మాట మార్చారు. నువ్వు తీసుకునేటప్పుడు కూడా అడుగు, రాతపూర్వకంగానే అడుగు.

ఇక నీతో పని. నంద్యాలలో, కర్నూలులో నీకు తెలిసిన బ్రోకర్లు ఉన్నారు కదా, రేసర్ ఎవరైనా అమ్ముతున్నారేమో కనుక్కో. మొదటి ఓనర్ అయ్యుండాలి, సర్వీస్ రికార్డు పూర్తిగా ఉండాలి, సైలెన్సర్ మార్చడం, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే ఈసీయూ రీమ్యాప్ లాంటివి చేయించి ఉండకూడదు. దొరికితే బండి నంబర్ పంపు, ఇన్సూరెన్స్ క్లెయిములు ఏమైనా ఉన్నాయా అని నేను చూసుకుంటా. టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం అంకెలు ఉంటాయి, వాటి ఫోటో కూడా తీసి పంపు.

పాత స్విఫ్ట్‌ని మీ తమ్ముడు అడిగాడని అన్నావు. వాడికైతే ధర గురించి మాట్లాడను, ముందు బుష్‌లు, క్లచ్ వేయించుకొని నడపమను. వచ్చే ఆదివారం ఖాళీగా ఉంటే వాణ్ణి తీసుకొని రా.

నీ మిత్రుడు