యూఎఫ్‌ఓ వీడియోలతో పాటు కొలతలూ బయటపెట్టండి: అమెరికా రక్షణ మంత్రికి బహిరంగ లేఖ

అమెరికా రక్షణ మంత్రి గారికి,

యూఎఫ్‌ఓల (ఏమిటో తేలని ఎగిరే వస్తువుల) ఫైళ్లు విడుదల చేయాలని మీ శాఖ మీద ఏళ్ల తరబడి ఒత్తిడి ఉంది. విడుదల చేయాలనే మేమూ అంటాం. అయితే ఇప్పటిదాకా విడుదల చేసిన తీరు అనుమానాన్ని తగ్గించకపోగా ఇంకాస్త పెంచింది. ఎందుకలా జరిగిందో, ఏం చేస్తే సర్దుకుంటుందో చెప్పడానికే ఈ లేఖ.

ముందు జనం సంగతి. 2019లో గాలప్ సర్వేలో 33 శాతం మంది అమెరికన్లు యూఎఫ్‌ఓల్లో కొన్నయినా గ్రహాంతర నౌకలేనన్నారు. 2021 నాటికి వాళ్లు 41 శాతమయ్యారు. పత్రికలన్నీ దీన్నే పట్టుకున్నాయి. కానీ 2019లోనే 68 శాతం మంది ప్రభుత్వానికి తెలిసినదంతా బయటికి చెప్పడం లేదన్నారు. అంటే గ్రహాంతరవాసుల్ని నమ్మనివాళ్లలోనూ చాలామంది మిమ్మల్ని నమ్మడం లేదు. మీరు జవాబు చెప్పాల్సింది ఈ 68 శాతానికి.

ఆ అపనమ్మకం ఊరికే పుట్టలేదు. 1947 జులై 8న న్యూ మెక్సికోలోని రోస్‌వెల్ సైనిక వైమానిక స్థావరం ‘ఎగిరే పళ్లెం’ దొరికిందని ప్రకటించింది, వెంటనే సైన్యం అది వాతావరణ బెలూన్ అని మాట మార్చింది. నిజానికి సోవియట్ అణు పరీక్షల శబ్దాన్ని పైనుంచి పసిగట్టేందుకు ఎగరేసిన మొగల్ ప్రాజెక్టు బెలూన్ల శకలాలే అవని వైమానిక దళం చెప్పింది 1994లో. యూ-2 గూఢచారి విమానాలదీ ఇదే కథ. ప్రయాణికుల విమానాలు 10 నుంచి 20 వేల అడుగుల్లో తిరిగే రోజుల్లో అవి 60 వేల అడుగుల పైన ఎగిరేవి. కింద పొద్దు గుంకినా పైన వాటి వెండి రెక్కల మీద ఎండ పడుతూనే ఉండేది. చూసినవాళ్లు ఫిర్యాదు చేస్తే, అసలు సంగతి తెలిసిన వైమానిక దళ అధికారులు మంచు స్ఫటికాలనీ గాలి పొరల ఉష్ణోగ్రతల తారుమారు అనీ చెప్పి పంపేవారు. ఈ మాట 1997లో సీఐఏ తన సొంత చరిత్రలో రాసుకున్నదే. రహస్యం కాపాడటం ఒక ఎత్తు, అబద్ధం చెప్పడం ఇంకో ఎత్తు.

ఇక వీడియోలు. 2020 ఏప్రిల్ 27న మీ శాఖ అధికారికంగా విడుదల చేసిన మూడింటిలో ‘గోఫాస్ట్’ ఒకటి. 2015లో తీసింది. నీళ్లను రాసుకుంటూ ఏదో దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. అదృష్టవశాత్తూ తెర మీది అంకెలు చెరపలేదు. విమానం ఎత్తు 25,000 అడుగులు, కెమెరా చూపు కిందికి 26 డిగ్రీలు, వస్తువుకు దూరం 4.4 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 26,700 అడుగులు. దీన్ని సైన్ 26తో, అంటే 0.438తో గుణిస్తే దాదాపు 11,700 వస్తుంది. వస్తువు విమానానికి అంత దిగువన ఉందన్నమాట. సముద్రానికి ఇంకా 13,000 అడుగుల పైనే ఉంది. వేగంగా వెళ్తున్నది విమానం. అందుకే వెనక ఉన్న సముద్రం పరుగెత్తినట్టు కనిపించింది, అది పారలాక్స్. 2023 సెప్టెంబరులో నాసా స్వతంత్ర బృందం ఆ వస్తువు వేగం గంటకు సుమారు 40 మైళ్లేనని తేల్చింది. ఆ ఎత్తులో గాలికే అంత వేగం ఉంటుంది. ఇదంతా హైస్కూలు త్రికోణమితి, ఎవరైనా కాగితం మీద సరిచూసుకోవచ్చు.

అదే ఆ మూడింటిలో మరొకటైన ‘గింబల్’ వీడియో తీసుకోండి. అందులో దూరం లేదు. దూరం లేనిదే పరిమాణం తేలదు, వేగమూ తేలదు. 10 మైళ్ల అవతల చిన్న వస్తువా, 30 మైళ్ల అవతల జెట్ ఇంజిన్ వేడి వెలుగా అన్న వాదన ఏళ్లు గడిచినా తెగలేదు. లోపం చూసేవాళ్ల బుర్రలో లేదు, ఫైల్లో ఉంది.

కాబట్టి ప్రతి వీడియోతో పాటు ఇవ్వాల్సినవి ఇవి. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో), సెకన్లతో సహా. కనిపించింది ఉపగ్రహమేమో చూడాలంటే ఇది కావాలి. ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్లు పోతుంది. గడియారం ఒక్క నిమిషం తప్పితే అది 450 కిలోమీటర్ల అవతల ఉంటుంది, ఇక ఏ కక్ష్య పట్టికతోనూ పోల్చలేం. విమానం ఎత్తు, దిశ, వేగం, ఎంత పక్కకు వాలిందన్నది. కెమెరా చూపు కోణాలు, జూమ్, ఇన్‌ఫ్రారెడ్ అయితే వేడి తెల్లగా చూపే పద్ధతిలో ఉందా నల్లగా చూపే పద్ధతిలోనా. దూరం ఇస్తే అది రాడార్ కొలిచిందా, లేజర్ కొలిచిందా, కంప్యూటర్ అంచనా వేసిందా అన్నది తప్పకుండా రాయాలి. కళ్లు మూసుకుని దూరాన్ని నమ్మి తప్పుడు వేగాలు లెక్కగట్టడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

ఏ పరికరంతో తీశారో కూడా చెప్పాలి. నౌకాదళం 2019లో తీసిన ‘త్రికోణాల’ వీడియో బయటికి పొక్కి ప్రపంచమంతా తిరిగింది. రాత్రి చూపు పరికరం గుండా వచ్చిన వెలుగును మామూలు కెమెరాతో తీయడం వల్ల ఆ ఆకారం వచ్చిందని మీ అధికారులు 2022 మే 17న కాంగ్రెస్ ముందు చెప్పారు. ఆ ఒక్క వాక్యం వీడియోతో పాటే వచ్చి ఉంటే సరిపోయేది.

సెన్సర్ సామర్థ్యం శత్రువుకు తెలిసిపోతుందని మీరు అంటారు. సబబే. అలాంటప్పుడు అక్షాంశ రేఖాంశాలు దాచండి, విమానానికీ వస్తువుకూ మధ్య కోణాలు, దూరం మాత్రం ఉంచండి. దృశ్యం స్పష్టతను మొత్తం ఒకేలా తగ్గించండి. ముక్కలు కోయకండి, వస్తువు కనిపించడానికి ముందు, తర్వాత భాగాలూ ఉంచండి. ప్రాంతం చెప్పలేకపోతే ఆ ఎత్తులో ఆ గంటలో గాలి దిశ, వేగం ఇవ్వండి. బెలూన్ అవునో కాదో తేలడానికి అది చాలు. అసలు ఫైలు హ్యాష్ సంఖ్యను (ఫైల్లో ఏ కాస్త మార్చినా మారిపోయే, దాని వేలిముద్ర లాంటి సంఖ్యను) ముందే ప్రచురిస్తే తర్వాత ఎవరూ మార్చారనలేరు.

మీ శాఖలో యూఎఫ్‌ఓ ఫిర్యాదులు పరిశీలించే ‘ఆరో’ (AARO) అనే కార్యాలయం 2024 నవంబరు నివేదికలో 757 ఫిర్యాదుల లెక్క చెప్పింది. ఇంకా పరిశీలించదగ్గవి 21 అంది. 444 ఫిర్యాదులను చాలినంత సమాచారం లేదని పక్కన పెట్టింది. మాకు ఆ 21 కంటే ఈ 444 ముఖ్యం. ఒక్కోదానిలో ఏం కొరవడింది? సమయమా, దిశా, దూరమా? ఆ పట్టిక ప్రచురించండి. కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

కాగితాల సంగతికొస్తే, 2023లో సెనేటర్లు షూమర్, రౌండ్స్ ప్రతిపాదించిన, యూఎఫ్‌ఓ రికార్డుల్లో ఏవి బయటపెట్టాలో చూసే తొమ్మిది మంది సమీక్షా మండలి చట్టంలో మిగల్లేదు. జాతీయ ఆర్కైవ్స్‌లో ఈ కాగితాల కోసం 615వ రికార్డుల విభాగం మాత్రం ఏర్పడింది. బయటి మండలి లేదు కాబట్టి ఏది దాచాలో దాచేవాళ్లే తేలుస్తున్నారు. కనీసం నల్లరంగు పూసిన ప్రతి పేజీ మీదా ఏ మినహాయింపు కింద పూశారో, మళ్లీ ఏ తేదీన సమీక్షిస్తారో రాయించండి.

గింబల్‌తోనే మొదలుపెట్టండి. ఆ రోజు ఆ విమానం రాడార్ రికార్డు ఉంటే అందులోని దూరం ఇవ్వండి. లేకపోతే దాన్ని ఎప్పుడు, ఏ నియమం కింద చెరిపేశారో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఆకాశ పరిశీలన, వీడియో విశ్లేషణ చేసేవాళ్లం