తల్లిదండ్రులకు ఉత్తరం: పోయిన లెక్కల పీరియడ్ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం ప్రార్థన అయ్యాక లెక్కల పీరియడ్ మొత్తం నేనే మింగేశాననీ, ఎవరో స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడి కథ చెబుతూ కూర్చున్నాననీ మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. నిజమే, నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ పీరియడ్ శనివారం పెట్టిస్తాను. ఎందుకు మాట్లాడానో మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

మొన్నటి అండర్-14 మ్యాచ్‌లో మన ఎనిమిదో తరగతి కెప్టెన్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపాడు. బంతి తిరిగొచ్చి వాడికి నాలుగడుగుల దూరంలోనే పడింది. వాడు బంతిని చూడలేదు, గీత అవతల నుంచి అరుస్తున్న పెద్దవాళ్ల వైపు చూశాడు. ఆ చూపు నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

అందుకే ఆ స్పెయిన్ ఆటగాడు షాబి అలోన్సో గురించి చెప్పాను. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, అంటే యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ తుది మ్యాచ్. సగం ఆటకే అతని జట్టు, ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్, ఇటలీ క్లబ్ మిలాన్ మీద 0-3తో వెనకబడింది. రెండో సగంలో రెండు గోల్స్ తిరిగిచ్చాక 60వ నిమిషంలో పెనాల్టీ దొరికింది. అలోన్సో కుడికాలితో కొట్టాడు, మిలాన్ గోల్‌కీపర్ దీదా ఆపేశాడు. అయితే బంతి వెనక్కి వచ్చేసరికి అలోన్సో అప్పటికే పరుగులో ఉన్నాడు. ఎడమకాలితో నెట్ పైభాగంలోకి కొట్టాడు. 3-3. చివరికి షూటౌట్‌లో, అంటే రెండు జట్లూ వంతులవారీగా పెనాల్టీలు కొట్టే పోటీలో, కప్పు లివర్‌పూల్‌దే అయింది.

అతనిది స్పెయిన్ ఉత్తరాన బాస్క్ సీమ. 1981లో తొలోసాలో పుట్టాడు, శాన్ సెబాస్టియన్‌లో పెరిగాడు. అక్కడి కొంచా బీచ్ ఇసుకలో అతనితో బంతాడిన పిల్లాడే తర్వాత ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ కోచ్ అయిన మికెల్ ఆర్టెటా. తండ్రి పెరికో కూడా పేరున్న ఆటగాడే, శాన్ సెబాస్టియన్ క్లబ్ రియల్ సొసైడాడ్‌తో రెండుసార్లు స్పెయిన్ లీగ్ గెలిచినవాడు. అదే జట్టుకు కొడుకు ఇరవై ఏళ్లకే కెప్టెన్.

ఇక నాకు ఎంత చెప్పినా తనివి తీరని సంగతి. ప్రపంచ కప్పు, రెండు యూరో కప్పులు (యూరప్ దేశాల పోటీ), రెండు వేర్వేరు క్లబ్బులతో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన మనిషి, 2017లో ఆట మానేశాక నేరుగా పెద్ద జట్టు కోచ్ కుర్చీ ఎక్కలేదు! రియల్ మాడ్రిడ్‌లో పద్నాలుగేళ్లలోపు పిల్లలకు కోచింగ్ ఇచ్చాడు. అంటే మన ఎనిమిదో తరగతి వయసు వాళ్లకే. ఆ తర్వాత మూడేళ్లు రియల్ సొసైడాడ్ రెండో జట్టు దగ్గర ఉన్నాడు. 2021లో దాన్ని పై డివిజన్‌కి ఎక్కించాడు, మరుసటి ఏడే అది మళ్లీ కిందికి జారింది. అయినా 2022 అక్టోబర్‌లో జర్మనీ క్లబ్ బేయర్ లెవర్కుసెన్ అతన్నే పిలిచింది. అప్పుడు ఆ జట్టు పట్టికలో కింది నుంచి రెండోది. 2023-24లో అదే జట్టు 34 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా ఛాంపియన్ అయింది. అప్పటికి పదకొండేళ్లుగా మరో జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్ దగ్గరే ఉన్న పట్టం అది.

28 గెలుపులు, 6 డ్రాలు అని నేను చెప్పానో లేదో, వెనక వరుసలోంచి ఆరో తరగతి అమ్మాయి "తొంభై పాయింట్లు సార్!" అంది. గెలుపుకి మూడు, డ్రాకి ఒకటి, నోటితోనే కూడేసింది. లెక్కల పీరియడ్ పోయిందని రాసినవారు ఈ సంగతీ గమనించగలరు. ఏడో తరగతి పిల్లలిద్దరు ఆ సాయంత్రమే బాస్క్ తీరం పటం గీసి తెచ్చారు. ఆఫీసు గోడకి అంటించాను, వచ్చి చూడండి.

రెండో విడత ఫీజు పదో తేదీలోగా కట్టాలి. యూనిట్ టెస్టుల టైంటేబుల్ డైరీలో ఉంది.

పిల్లలు అర్ధరాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో గోల్స్ చూసి మొదటి పీరియడ్‌లో తూగుతున్నారు. ఫోన్ కొనిచ్చింది మేము కాదని సవినయంగా మనవి. "ట్యూషన్ ఉంది, ఆటలు మాన్పించండి" అన్న చీటీలు ఈ వారం ఏడు వచ్చాయి. అన్నీ భద్రంగా దాచాను. జవాబులు ఇవ్వను.

వచ్చే శనివారం నాలుగింటికి మళ్లీ మ్యాచ్ ఉంది. పెనాల్టీ వస్తే కొట్టేది ఆ కెప్టెనే, పీఈటీ సారు చెప్పేశారు. మీ కుర్చీలు ఈసారి గీతకి ఇరవై అడుగుల దూరంలో, వేపచెట్టు కింద వేయిస్తున్నాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు